వాననాడు మంచును చూడబోయిన ప్రయాణము



వాన కురియుచుండగా వినోదమునకై పడవ యెక్కుట వివేకము గలవాడు చేయు పని కాదని మీరందరును ఎరుగుదురు. అట్టి పని నేను చేసితిని. డెబ్బది యేండ్లు దాటిన తరువాత, ఇల్లాలిని వెంటబెట్టుకొని, ఉత్తర అమెరికా ఖండమునకు వాయవ్యమూలనున్న అలాస్కాలో, తెరపి యెరుగని వానలో, ఆరు గంటల కాలము సముద్రముమీద తిరిగి వచ్చితిని. ఆ నాడు కన్నవియు విన్నవియు ఈ పూట మీకు మనవి చేసెదను.

మాది గోదావరికి కొంత దూరమున మెట్టమీద నున్న పల్లె. ఏరు కంటికి కనబడునుగాని దాని నీరు మా పొలమున కెక్కదు. వాన వచ్చిననే పంట, రాకున్న లేదు. నేను బడిపంతులుగా పనిచేసి విరమించితిని. తమ్ముడు సేద్యము చూచుకొనుచున్నాడు. మా కుమారుడు సియాటిల్ నగరమున ఉద్యోగము చేయుచు, మమ్ము తన యొద్దకు రప్పించుకొని, జూన్ నెలలో అలాస్కాకు తీసికొనిపోయెను.

ఈ అలాస్కాను 1867లో రష్యా చక్రవర్తి యొద్దనుండి అమెరికా ప్రభుత్వము 72 లక్షల డాలర్లకు కొనెను. బేరము కుదిర్చిన మంత్రి సీవర్డు అను నాతడు. మంచుగడ్డను ధనము పోసి కొన్నాడని ఆ కాలపు వారు కొంద రాతని నెగతాళి చేసిరట. పిదప నచ్చట బంగారమును, చమురును దొరకినవి, ఎగతాళి మాసిపోయినది. ఆయన పేర 1903లో వెలసిన చిన్న రేవుపట్టణమే మేము దిగిన చోటు. మూడు దిక్కుల కొండలు, నాలుగవ దిక్కున పొడవైన సముద్రపు పాయ. 1964 మార్చి 27వ తేదీన 9.2 తీవ్రత గల భూకంపమును, దాని వెంట పొంగివచ్చిన అలలును ఈ రేవును ధ్వంసము చేసినవి. నేడు పడవలు నిలుచు రేవు ఆ తరువాత మరియొక చోట కట్టినది.

మేము రేవునకు చేరునప్పటికి ఆకసము కొండల నడుమవరకు దిగియుండెను. కొండశిఖరములు లేవు; ఉన్న వన్న నమ్మకము మాత్రమే యుండెను. వాన మన వానవలె ధారలుగా పడునది కాదు. సన్నగా, చల్లగా, తొందర లేక, ఎన్ని దినములైనను పడగలనన్నట్లు పడుచుండెను. టిక్కెట్టు సొమ్ము ముందే చెల్లించియుండిరి. వరుసలో నిలుచున్న ప్రయాణికులలో పలువురు ఆకసము వంక చూచి విసుగుకొనుచుండిరి. దూరదేశములనుండి వచ్చినవారు, సెలవు దినములు లెక్కపెట్టుకొని వచ్చినవారు. వారిని తప్పు పట్టరాదు. కాని జూన్ నెలలో వానను తిట్టుట నా చెవికి కటువుగా తోచినది.

నాకు దిగులు వానవలన కాదు, పడవవలన. 2019 సెప్టెంబరు 15వ తేదీన మన గోదావరిలో, పాపికొండలు చూడబోవు యాత్రికుల పడవ వరదలో కచ్చులూరు కడ మునిగిన సంగతి మీరు మరవలేదు. నా భార్యయు మరవలేదు. మెట్లు దిగుచునే యామె ఆ యూరి పేరు ఒకమారు అనెను. నేను బదులు పలుకలేదు.

పడవ నడుపు కప్తాను మా కోడలి యీడు గల స్త్రీ. కట్టు విప్పకముందే యామె అందరిని లోపల కూర్చుండబెట్టి, ప్రాణరక్షణకు తొడుగుకొను చొక్కాలెచ్చట నున్నవో, వాని నెట్లు తొడుగవలెనో చూపించెను. పిమ్మట నిట్లనెను: "వానకు నేను వెరవను. గాలికిని అలకును వెరతును. ఈ పాయ దాటిన పిదప నొక కొమ్ము చుట్టి పోవలెను. అచ్చట అల నా లెక్కకు మించియున్న యెడల వెనుకకు త్రిప్పెదను. అప్పుడు నన్నెవ్వరును బ్రతిమాలవలదు." మా వాడు తెలుగులో చెప్పగా నా భార్య విని, "ఈ పిల్ల మాట బాగున్నది, పదండి" అని కిటికీ ప్రక్కను కూర్చుండెను.

పాయలో నీరు నిలుకడగా నుండెను. కొంత దూరము పోవునప్పటికి నీటిమీద వెల్లకిల పరుండి, పొట్టమీద గవ్వచేప నుంచుకొని, రాతితో పగులగొట్టుకొని తినుచున్న జంతువు కనబడినది. సముద్రపు నీటికుక్క. మన కోరంగి మడ అడవులలో తిరుగు నీటికుక్కకు ఇది దాయాది. తిమింగిలములకును సీలులకును చలి కాచుకొనుటకు చర్మము క్రింద మందమైన కొవ్వు పొర యుండును, దీనికి లేదు. బొచ్చే దీని కంబళి. మన తలమీద మొత్తము సుమారు లక్ష వెండ్రుక లుండును. దీని యొంటిమీద ఒక్క చదరపు అంగుళమున అనేక లక్షలు. ఆ బొచ్చునకై రష్యా వర్తకులును, తరువాత ఇతరులును నూటయేబది యేండ్లకు పైగా వేటాడి దీని జాతిని అంతరించుదాకా తెచ్చిరి. 1911లో అమెరికా, బ్రిటను, రష్యా, జపాను దేశములు ఒడంబడిక చేసికొని వేట మానిపించుటచే కొద్దిగా మిగిలినవి మరల పెరిగినవి. 1989 మార్చి 24న ఈ తీరమునకు తూర్పుననున్న సముద్రపు పాయలో ఒక చమురునావ రాతికి తగిలి, సుమారు ఒక కోటి పది లక్షల గ్యాలనుల చమురు నీటిపాలయ్యెను. తెట్టు ఈ తీరమునకును కొట్టుకొనివచ్చినది. చమురంటిన బొచ్చు చలి నాపలేదు. నీటికుక్కలు వేలకొలది చచ్చినవి. మేము చూచినది వానను లెక్కచేయక భోజనము చేయుచుండెను.

వానను గూర్చి యింకొక మాట. ఈ తీరపు ఆదివాసులైన అలుటిక్ జనులు పూర్వము సీలు, సముద్రసింహము, ఎలుగుబంటి మొదలగు వాని ప్రేగులను శుభ్రపరచి, చీల్చి, ఆరబెట్టి, నీటిచుక్క చొరనంత దగ్గరగా కుట్టి వానచొక్కాలు చేసికొనెడివారు. తోలు పడవలో కూర్చుండి ఆ చొక్కా అంచును పడవనోటికి బిగించిన యెడల అల మీదపడినను లోనికి నీరు దిగదు. మన గొంగడియు, తాటాకు గొడుగును నాకు జ్ఞప్తికి వచ్చినవి. ఎక్కడి వాన కక్కడి కప్పు.

పాయ ముగిసి పడవ కొమ్ము చుట్టుచోట అసలు సముద్రము తగిలినది. అలల నడుమ పడవ దిగినప్పుడు కిటికీనిండ నీరే, ఎక్కినప్పుడు ఆకసమే. ముప్పాతిక మువ్వురు తిరునాళ్లలో రంగులరాట్న మెక్కినట్లు కేకలు వేసిరి. తరువాత కేకలు మానిరి. తరువాత కాగితపు సంచులు పట్టుకొనిరి. మా కుమారుడును వారిలో నొకడు. నా భార్య కొంగున ముడివేసి తెచ్చిన శొంఠిముక్క లిద్దరు పరాయివారికి గూడ పంచెను. కప్తాను వేగము తగ్గించి, అలకు పడవ ముక్కును ఏటవాలుగా పట్టి, ఒక్కొక్క అలను దాటించెను. వెనుకకు త్రిప్పునేమో యని నేను చూచుచుంటిని. త్రిప్పలేదు. త్రిప్పినను ఆమె మీద నాకు గౌరవము తగ్గియుండెడిది కాదు.

కొమ్ము దాటి అయాలిక్ అను పాయలో ప్రవేశించినంతనే నీరు సర్దుకొన్నది. అచ్చట మూపురపు తిమింగిలము నొకదానిని చూచితిమి. మొదట ఊపిరి వినబడినది. కొలిమితిత్తి నొక్కమారు గట్టిగా ఒత్తినట్లు. తరువాత నల్లని వీపు. చిట్టచివర, రెండు తాటిమట్టలు జోడించినట్లున్న తోక నీటినుండి లేచి, వాన కారుచుండగా నిలువుగా నిలిచి దిగిపోయెను. ఈ తిమింగిలములలో అనేకము చలికాలమున హవాయి దీవుల వెచ్చని నీటికి పోయి, అచ్చట పిల్లలను కని, ఆహారము లేకయే గడపి, వేసవిలో మేతకై యిచ్చటికి మరల వచ్చును. ఆ దారి మూడువేల మైళ్లకు తక్కువ కాదు. తోక అడుగుననున్న తెలుపునలుపు మచ్చలు ఒకదాని వొకదానికి ఉండవు. వానినిబట్టియే శాస్త్రజ్ఞులు వీనిని గుర్తించి లెక్క వ్రాయుదురు.

ఇంకను లోనికి పోగా నీటి రంగు మారినది. బియ్యము కడిగిన నీటిలో పచ్చరంగు కలిపినట్లయ్యెను. మంచునది తన అడుగు రాతిని విసరుచు వచ్చును. ఆ పిండి నీటిలో కలిసి యా రంగు తెచ్చును. పిమ్మట మంచుముక్కలు వచ్చినవి. మొదట కొబ్బరికాయలంత, తరువాత ఎడ్లబండ్లంత. కప్తాను యంత్ర మాపి, అందరిని మాటలాడవలదనెను. పడవ చుట్టును చిటపటమను శబ్దము. తొలి యేకాదశినాడు మంగలములో పేలాలు వేగునట్లే యుండెను. ఎన్నో యేండ్ల క్రిందట మంచుతోపాటు చిక్కుకొన్న గాలి, గడ్డ కరగగా బుడగలై పగులు చప్పు డది. మన తాతముత్తాతల కాలపు గాలియై యుండునని నేననుకొంటిని.

అప్పుడు మేఘము కొంచె మెత్తెను. ఎదుట అయాలిక్ హిమానీనదము.

నది యను మాట విని మీరు పారు నీటిని తలపకుడు. ఇది కొండలమీదనుండి సముద్రములోనికి దిగి నిలిచిన మంచుగోడ. దాదాపు మైలు వెడల్పు. గాలిగోపురముల నెన్నిటినో ప్రక్కప్రక్కన నిలిపి, అన్నిటిని బీటలు వారజేసిన ఎట్లుండునో అట్లుండెను. దాని రంగు తెలుపు కాదు. బీటలలో, కొత్తగా విరిగిన చోటుల, నీలము. చాకలి నీలిమందు పెట్టిన వస్త్రములవలె కాదు, అంతకంటె లోతైన నీలము. గట్టిపడిన మంచు వెలుగులోని యెఱుపును మ్రింగి నీలమును వదలును. ఎండ కాసిన దినమున పైతెలుపు మిరుమిట్లు గొలిపి ఆ నీలమును మరుగుపరచును. మబ్బు పట్టిన దినముననే అది బాగుగా కనబడును. ఉదయమున వానను తిట్టిన పెద్దమనిషి యొకడు వానలోనే టోపీ తీసి నిలుచుండుట చూచితిని.

గోడ ముందు తేలు మంచుపలకలమీద సీలులు వందలకొలది పరుండియుండెను. వాని ప్రక్కను పిల్లలు. జూన్ నెల అవి పిల్లలు పెట్టు కాలము. ఒకడు ఛాయాచిత్రమునకై పడవను ఇంకను దగ్గరకు తీయుమని యడిగెను. కప్తాను తీయలేదు. తల్లి బెదరి నీటిలోనికి దూకినచో పిల్లయు దూకవలెను; ఆ చలిలో, పాలు త్రాగు వేళ, తల్లిని విడిచిన పిల్ల బ్రదుకుట కష్టము. "మీ బొమ్మ కంటె దాని పాలు ముఖ్యము" అని యామె నవ్వుచునే చెప్పినది. అతడును నొచ్చుకొనలేదు.

అరగంట నిలిచితిమి. ఏమియు జరుగలేదు. వాన, చిటపట, చలి. అంతలో గోడలో నొక స్తంభము వంటిది చప్పుడు లేక జారిపోయెను. చప్పుడు తరువాత వచ్చినది. పిడుగు మెరుపు వెనుక వచ్చునట్లు. నీరు తెల్లగా లేచెను. ఆ అల మాకు చేరునప్పటికి తగ్గి, పడవను ఉయ్యాలవలె ఊపి పోయెను.

ఇంత మంచు ఎచ్చటినుండి వచ్చినది? పడవలోని ప్రదర్శకుడు చెప్పిన సమాధానము మన దేశపు పటముమీద చెప్పిన మీకు సులభముగా తెలియును. నైరృతి ఋతుపవనము అరేబియా సముద్రమునుండి తడి మోసికొనివచ్చి సహ్యాద్రిని తాకి పైకెక్కును. ఎక్కి చల్లబడి కురియును. మహాబలేశ్వరమున అందుచేతనే అంత వాన. మన కృష్ణ యచ్చటనే పుట్టినది. కొండ కీవల నున్న సీమకు తక్కువే. అలాస్కా సింధుశాఖ గాలియు ఈ తీరపు కొండల నట్లే తాకి పైకెక్కును. క్రింద వానగా పడునది మీద మంచుగా పడును. వేసవిలో కరగునంతకంటె చలికాలమున పడునది ఎక్కువైన చోట, ఏటికేడు పొర మీద పొర నిలుచును. మీది పొరల బరువునకు క్రింది పొరలు నలిగి, గాలి పోయి, గడ్డయై, తన బరువుచే తానే పల్లమునకు కదలును. అట్లు కొండల తలల మీద సుమారు 1800 చదరపు కిలోమీటర్ల మేర నిండియున్న మంచు కుప్పకు హార్డింగ్ హిమక్షేత్రమని పేరు. దానినుండి దాదాపు నలువది హిమానీనదములు దిగుచున్నవి. 1980లో ఈ ప్రదేశమును జాతీయవనముగా నేర్పరచిరి. కావున అయ్యలారా, మేము చూడబోయిన మంచును కన్నది మమ్ము తడుపుచున్న యా వానయే.

అయినను కథ అంతతో ముగియలేదు. ముందునాడు మేము అదే హిమక్షేత్రమునుండి దిగు మరియొక మంచునదిని నేలమీద నడచి చూచియుంటిమి. ఎగ్జిట్ హిమానీనదమని దాని పేరు. దానికి పోవు దారిలో అచ్చటచ్చట చిన్న పలకలు పాతిరి. పలకమీద సంవత్సరము తప్ప వేరొక మాట లేదు. ఆ యేట మంచు అంచు అచ్చటివరకు నుండెనని భావము. 1815 దగ్గర మంచు జాడయే లేదు, అడవి. 1917, 1926 దాటితిమి. 1951 అని వ్రాసిన పలక కడ నేను నిలిచితిని. నేను పుట్టిన సంవత్సరము. నేను ఉయ్యాలలో నున్ననాడు మంచు నిలిచిన చోట నేడు చెట్లు పెరిగి, పిట్టలు కూయుచున్నవి. 2010 పలక కడ నిలిచి చూచినను మంచు చాల దూరమున, లోయ పైకి పోయి, కనబడెను. మనుమరాలు ఆ పలకను చేతితో తట్టి, "తాతయ్యా, ఇది నేను పుట్టకముందే, అవునా?" అని యడిగెను. అవునంటిని. ఆ పిల్లకు పది యేండ్లు.

అన్ని మంచునదులు ఒకే తీరున తగ్గుట లేదు. అయాలిక్ చాలకాలముగా దాదాపు నిలిచిన చోటనే యున్నది. దారిలో చూచిన బేర్ హిమానీనదమో, వెనుకకు పోయి, తాను విడిచిన గోతిలో నిండిన మడుగులో ముక్కలు తేలవేయుచున్నది. మొత్తముమీద తగ్గుటయే నిజము. గాలి వేడెక్కినకొలది కరగుట హెచ్చును. మంచుగా నిలువవలసినదానిలో కొంత వానగా పడి, నిలువక పారిపోవును. తల్లియే పిల్ల నడుగంట కరగించుట వంటిదీ పని. హిమాలయమున గంగోత్రి మంచుకును ఇదే గతి పట్టినదని మీరు వినియుందురు. మన కృష్ణా గోదావరులకు మంచు నిలువ లేదు. ఆ యేటి వాన యా యేటిదే.

తిరుగుదారిలో చిస్వెల్ దీవుల ప్రక్కగా వచ్చితిమి. రాళ్లమీద సముద్రసింహములు. మగది టన్ను బరువు తూగును. అరుపు మందలోని ఆబోతు రంకెను మించును. వీని సంఖ్య పశ్చిమ అలాస్కాలో మిక్కిలి తగ్గుటచే 1990లోను, మరల 1997లోను చట్టము ద్వారా రక్షణ కలిగించిరి. కొండచరియల మీద పక్షులు సంతనాటి జనమువలె క్రిక్కిరిసియుండెను. రంగుల ముక్కు గల పఫిన్ పిట్ట లావు శరీరముతో, చిన్న రెక్కలతో, నీటిమీద పరుగెత్తి పరుగెత్తి ఎట్టకేలకు ఎగురును. చూచి నవ్వనివారు లేరు. మర్ అను నలుపుతెలుపు పక్షి గూడు కట్టదు. ఒట్టి రాతిమీద ఒక్కటే గ్రుడ్డు పెట్టును. 2014 మొదలు 2016 వరకు ఈ సముద్రపు నీరు అసాధారణముగా వేడెక్కినప్పుడు మేత దొరకక అలాస్కాలోని మర్ పక్షులలో సగము, అనగా సుమారు 40 లక్షలు చచ్చినవని శాస్త్రజ్ఞులు 2024లో ప్రకటించిరి. ఈ మాట ప్రదర్శకుడు మామూలు గొంతుతోనే చెప్పెను. చెప్పి, చరియ వంక చూచుచు కొంతసేపు ఊరకుండెను.

రేవు చేరునప్పటికి సాయంకాల మారు గంటలు. బసకు పోయి తడిబట్టలు మార్చుకొని, ఏడు గంటలకు తమ్మునికి ఫోను చేసితిని. మన యూర అది మరునాటి ఉదయము ఎనిమిదిన్నర. తిమింగిలమును గూర్చి చెప్పవలెనని నా ఆత్రము. వాడు దాని నంతగా వినలేదు.

"అన్నయ్యా, మృగశిర వచ్చి నాలుగు రోజులైంది. దుక్కి చేసి, విత్తనం పెట్టుకుని కూర్చున్నాం. ఆకాశంలో మబ్బుముక్క లేదు. అక్కడ పడుతోందా?" అని యడిగెను.

పడుచున్నదంటిని. రేపును పడునని అచ్చటి వారనుచున్నారంటిని. వాడు కొంచెము సేపు మాటలాడలేదు. బస పైకప్పు రేకుది. నేను కిటికీ తెరచి, ఫోనును చేయి చాచి వెలుపల పట్టుకొంటిని. లోపలినుండి నా భార్య, "చలి లోపలికి వస్తోంది, ఎంతసేపు?" అని కేకవేసినది. చేయి తీసి చెవి నానించుకొనగా వాడింకను వినుచునే యుండెను.